రాత్రి తలుపు కొడితే ఎవరు తీస్తారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దారిన నడిచాయి. డాక్టర్లు, రాజకీయాలు. అందుకని మోకాళ్ల నొప్పుల ఉత్తరాలు, షుగరు ఉత్తరాలు వచ్చే నెలకు ఆపి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మర్రి చెన్నారెడ్డి గారు నిజం డాక్టరా, లేక యూనివర్సిటీ వాళ్లు గౌరవంగా ఇచ్చిన డాక్టరేటా అని మా చాయ్ హోటల్ దగ్గర పెద్ద వాదన జరిగింది. తెలంగాణలో వైద్యం చదివి రాజకీయాల్లోకి వచ్చినవాళ్లు ఇంకెవరెవరు ఉన్నారు?
– ఒక రిటైర్డ్ పంతులు, జనగామ

జవాబు: పంతులు గారూ, నిజం డాక్టరే. 1941లో ఎంబీబీఎస్ పూర్తి చేశారు. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో వికారాబాద్ నుంచి గెలిచి బూర్గుల రామకృష్ణారావు గారి మంత్రివర్గంలో చేరారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 10 సీట్లు గెలిచిందంటే అది ఆయన నాయకత్వంలోనే. 1978లో ఒకసారి, 1989లో ఒకసారి ముఖ్యమంత్రి అయ్యారు. నేను కాకతీయ మెడికల్ కాలేజీలో చేరిన కాలం 1969 ఉద్యమ కాలం. గోడల మీద ఆయన పేరుకు ముందు ‘డా.’ అని చూసినప్పుడల్లా మాకు మా ఇంటి మనిషిని చూసినట్టుండేది.

ఉస్మానియాలో వైద్యం చదివిన రాజ్ బహదూర్ గౌర్ గారు స్టెతస్కోపు పక్కన పెట్టి కార్మిక సంఘాల్లోకి, తెలంగాణ సాయుధ పోరాటంలోకి వెళ్లారు. 1952 నుంచి రాజ్యసభలో ఉన్నారు. మన ఉత్తర తెలంగాణకు వస్తే, పెద్దపల్లి నుంచి 1998, 1999లో లోక్‌సభకు గెలిచిన సుగుణ కుమారి గారు డాక్టరు. స్టేషన్ ఘన్‌పూర్ తాటికొండ రాజయ్య గారు పిల్లల డాక్టరు. 2014లో తెలంగాణ తొలి ప్రభుత్వంలో ఉపముఖ్యమంత్రిగా వైద్యారోగ్య శాఖ చూశారు. జగిత్యాల నుంచి గెలిచిన సంజయ్ కుమార్ గారు కంటి డాక్టరు.

మీరు అడగకపోయినా ఇంకొక పేరు చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. పోటీ చేయలేదు, పదవి అడగలేదు. పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడిగా ఉన్న పిల్లల డాక్టరు రామనాథం గారు. 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే ఆయన్ని కాల్చి చంపారు. ఆ కబురు మా పల్లెకు సాయంత్రం బస్సులో వచ్చింది. మందుల చీటీ రాస్తున్నవాణ్ణి రాయలేక కలం కింద పెట్టేశాను. డాక్టరు గది నాలుగు గోడలు దాటి ఒక మాట మాట్లాడితే ఎంతదాకా పోవచ్చో మా తరానికి ఆ రోజు తెలిసింది. రాజకీయాలంటే ఎన్నికలు ఒక్కటే అనుకునేవాళ్లకు ఈ పేరు గుర్తు చేస్తుంటాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 33. మీరు చదివిన కాలేజీలోనే చదివాను. రెండేళ్లు పీహెచ్‌సీలో చేసి, మానేసి, భూపాలపల్లి దిక్కు ఒక పల్లెలో ఆరేళ్లుగా సొంతంగా చూస్తున్నాను. ఫీజు ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు. ఇప్పుడు రెండు పార్టీల వాళ్లు ఇంటికొచ్చి, ‘ఇంటింటికీ నీ చీటీ ఉన్నది, నువ్వు నిలబడితే తిరుగులేదు’ అంటున్నారు. రాజశేఖరరెడ్డి గారు రూపాయి డాక్టరుగా మొదలై ముఖ్యమంత్రి కాలేదా అని మా నాన్న. నా భార్య మాత్రం వద్దంటోంది. మీరు మండలాధ్యక్షుడిగా చేశారని విన్నాను. ఏం చేయమంటారు?
– ఒక డాక్టరు

జవాబు: బిడ్డా, నా చిన్నకొడుకు ఈడువాడివి, నువ్వనే రాస్తాను.

నేను ఎందుకు నిలబడ్డానో ముందు చెప్తాను. 1978లో పరకాల దాటి చలివాగు దిక్కు ఒక పల్లెలో రెండు గదులు కిరాయికి తీసుకొని కూర్చున్నాను. ఫీజు రెండు రూపాయలు. అది కూడా పంట ఇంటికి వచ్చినప్పుడే. మిగతా కాలం వడ్లు, జొన్నలు, చిక్కుడుకాయలు. 1986లో తొలి వానలు పడ్డ వారానికే వాడలో గత్తర లేచింది. కక్కుడు, పారుడు. ఒక్క రాత్రిలో కండ్లు గుంటలు పడి, చేతుల మీద చర్మం లాగితే లాగినట్టే ఉండిపోతున్న మనుషులు. వేపచెట్టు కొమ్మలకు తాళ్లు కట్టి సెలైన్ సీసాలు వేలాడదీశాను. మూడో రోజుకు సీసాలు అయిపోయినయి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా తలగొట్టి కొలవడం ఆడవాళ్లకు నేర్పి, ఇంటింటికీ కుండలో కలిపించి గుక్క గుక్కగా తాగించాం. ఎక్కువమంది నిలిచారు. ముగ్గురిని దక్కించుకోలేకపోయాను.

వాడ బావి పశువులను కడిగే కుంటకు కిందుగా ఉండేది. కుంట నిండితే ఆ నీళ్లు బావిలోకి దిగేవి. ఊరి మధ్య మంచి చేదబావి ఉన్నది గానీ వాడవాళ్లు అందులో చేద వేయకూడదు. ఇదీ రోగం. పుస్తకంలో రాసిన క్రిమి సంగతి తర్వాత. నేను సూది గుచ్చుతుంటే ఒక ముసలవ్వ నా చెయ్యి పట్టుకొని అన్నది: “సీసల నీళ్లు ఎన్నిదినాలు ఎక్కిస్తవ్ బిడ్డా, బాయిల నీళ్లు మంచిగ చేయరాదు?”

ఆ అవ్వ మాట పట్టుకొని ఒక బోరింగు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను. మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ ‘రాసిపెట్టి పోండి’ అన్నారు. అప్పుడే సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1987లో మండలాధ్యక్షుణ్ణి జనం నేరుగా ఓటేసి ఎన్నుకునే ఎన్నిక పెట్టారు. అర్జీ పెట్టేవాడు కాకుండా అర్జీ మీద సంతకం పెట్టేవాడిని కావాలనుకున్నాను. నిలబడ్డాను, గెలిచాను.

నామినేషన్ వేసే ముందు రోజు నా భార్య ఒకటే అడిగింది. “రాత్రి తలుపు కొడితే ఎవరు తీస్తరు?” నేను నవ్వి ఊరుకున్నాను. నీ భార్య వద్దంటోందని రాశావు. ఎందుకు వద్దంటోందో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇవాళ రాత్రి అన్నం తిన్నాక అడుగు, అడిగి పూర్తిగా విను.

గెలిచినంత మాత్రాన బోరింగు పడలేదు. మంజూరు ఒక ఎత్తు, ఎక్కడ వెయ్యాలన్నది ఇంకొక ఎత్తు. నా వెంట తిరిగి ఓట్లు వేయించిన పెద్దమనుషులే తమ వాకిట్లో వేయమన్నారు. వాడలో వేస్తే తమ ఆడవాళ్లు అక్కడికి పోయి ఎట్లా తెచ్చుకుంటారన్నారు. వాడవాళ్లు ఇన్నేళ్లు ఎట్లా తెచ్చుకున్నరో అట్లనే అన్నాను. ఆ ఒక్క మాటకు నాతో ఆరు నెలలు మాట్లాడనివాళ్లున్నారు. పద్నాలుగు నెలల తర్వాత వాడ నడిమిట్ల, అదే వేపచెట్టు పక్కన, నూట ఇరవై అడుగులకు నీళ్లు పడ్డాయి. మురికి నీళ్లు మళ్లీ లోపలికి ఇంకకుండా చుట్టూ సిమెంటు గద్దె కట్టించి, పారే నీళ్లకు కాలువ తీయించాను. ఆ తర్వాత నేను ఆ వాడలో గత్తర చూడలేదు. పదేళ్ల ప్రాక్టీసులో నేను కాపాడినవాళ్లకంటే ఆ ఇనుప పిడి కాపాడినవాళ్లే ఎక్కువ. అది పడ్డ రోజు ఎంత సంతోషపడ్డానో ఇవాళ్టికీ మాటల్లో పెట్టలేను. కాబట్టి రాజకీయం బురద, దిగకు అని నేను నీకు చెప్పను. ఆ మాట చెప్పేవాళ్ల ఇండ్లలో నల్లా ఉంటుంది.

కానీ నీ దగ్గరికి వచ్చిన పార్టీల వాళ్లు చెప్పని సంగతులు రెండున్నాయి. రెండూ నా మీదుగా పోయినవే.

మా పక్క ఊళ్లో ఒక రైతు. నలభై ఏండ్ల మనిషి, క్షయ. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూదికి ఆరు మైళ్లు సైకిల్ మీద వచ్చేవాడు. ఎన్నికలొచ్చాయి. ఆయన అన్నదమ్ములది అవతలి పార్టీ. నాకు వ్యతిరేకంగా జెండా పట్టుకొని తిరిగాడు, తిరగాల్సిందే, అది ఆయన హక్కు. సూదికి రావడం మానేశాడు. గెలిచిన హడావిడిలో నేను రిజిస్టరు తిరగేయలేదు. రెండున్నర నెలల తర్వాత ఆ ఊరి ఆయా చెప్పింది, నెత్తురు పడుతున్నదని. ఇంటికి పోయాను. మంచం మీద నుంచి లేవబోయి లేవలేక అన్నాడు: “నీకు ఎదురు తిరిగి ఓట్లడిగిన. ఏ మొకం పెట్టుకొని రావాలె సారూ.”

ఆయన కోలుకున్నాడు. అరవై రోజులు నేనే వాళ్లింటికి పోయి సూది వేశాను. కానీ ఆయన లాగా రాకుండా ఆగిపోయినవాళ్లు ఎంతమందో, వాళ్లలో ఎవరు ఏమయ్యారో నాకేం తెలుసు? పల్లెలో కులాన్ని బట్టి బావి వేరు, పార్టీని బట్టి చాయ్ హోటల్ వేరు. అందరూ ఒకే బెంచీ మీద కూర్చునే చోటు దవాఖాన ఒక్కటే. నువ్వు కండువా వేసుకున్న రోజున ఆ బెంచీ మీద సగం మంది లేచిపోతారు. నువ్వు పొమ్మనవు. వాళ్లే పోతారు, మొహమాటంతో.

ఇంక రెండోది. 1989, శ్రావణ మాసం. జిల్లా పరిషత్ మీటింగుకు హనుమకొండ పోయాను. పొద్దుపోయింది, ఆఖరి బస్సు దాటిపోయింది, అక్కడే పడుకున్నాను. ఆ తెల్లవారుజామున మా ఊళ్లో తొమ్మిదేండ్ల పిల్లవాడు కడుపునొప్పి అని లేచాడు. చాప మీద పడుకున్నవాడు. తల్లి వాము నూరి పోసింది. కాసేపటికి కనురెప్పలు వాలిపోతున్నాయి, ఉమ్మి మింగలేకపోతున్నాడు. నీకు చదవగానే అర్థమై ఉంటుంది, కట్లపాము. కాటు నొప్పి ఉండదు, వాపు ఉండదు. ఎత్తుకొచ్చి నా తలుపు కొట్టారు. నా భార్యే తలుపు తీసింది. ఫ్రిజ్‌లో విషానికి విరుగుడు మందు సీసాలు ఉన్నాయి. కాంపౌండరుకు ఇచ్చే ధైర్యం చాలలేదు, ఆయన చేయాల్సిన పని కూడా కాదది, ఆయనది ఏ తప్పూ లేదు. జీపు మాట్లాడి వరంగల్ పెద్ద దవాఖానకు పంపారు. దారిలోనే పోయాడు.

పిల్లవాడి తల్లి నా మీద కోపం చేయలేదు. పదిరోజుల తర్వాత జ్వరానికి చూపించుకోను వచ్చి, లేచి పోతూ తలుపు దగ్గర ఆగి, “నువ్వుంటే బతుకుతుండె సారూ” అన్నది. నా మీద నమ్మకంతో అన్న మాట అది. ముప్పై ఏండ్లు దాటింది, ఆ గొంతు ఇంకా నా చెవిలో ఉన్నది.

ఆ నెలలోనే మన కాలేజీకి పోయి, చదువు ముగించిన ఒక అమ్మాయిని బతిమాలి తీసుకొచ్చాను. ఉండటానికి మా ఇంట్లోనే గది, నా సంపాదనలో సగం. పదవీకాలం అయ్యేదాకా నా కుర్చీలో ఆమె కూర్చుంది. నాకంటే మంచి డాక్టరు. ఆడవాళ్లు నాకు చెప్పని రోగాలు ఆమెకు చెప్పారు. ఆ పని నేను రెండేళ్ల ముందు, నామినేషన్‌కు ముందు చేయాల్సింది. తర్వాత కూడా నన్ను నిలబడమని అడిగారు. నిలబడలేదు.

రాజశేఖరరెడ్డి గారి సంగతి రాశావు. పులివెందులలో 1973లో తండ్రి పేరు మీద దవాఖాన పెట్టారు, రూపాయికి చూశారు, 1978లో ఎమ్మెల్యే అయ్యారు. అంటే రూపాయి డాక్టరుగా ఉన్నది ఐదేండ్లు. ముఖ్యమంత్రి అయింది 2004లో. ఆ మధ్య ఇరవై ఆరేండ్లు రాజకీయమే. 2005లో 108 బండి, 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు, రోగి ఇంటి నుంచి దవాఖానకు చేరేలోపు ఏం జరుగుతుందో, చేరాక అప్పు ఎట్లా పుడుతుందో చూసిన మనిషి చేసిన పనులని నేను అనుకుంటాను. 108 ఉండి ఉంటే ఆ పిల్లవాడు దారిలోనైనా నిలబడేవాడేమో. కాబట్టి ఆ పెద్ద పనులు చిన్నవి కావు. కానీ ఆ ఇరవై ఆరేండ్లలో ప్రతి ఉదయం పులివెందులలో రోగులను చూసే డాక్టరు ఇంకొకరై ఉండాలి కదా. మీ నాన్నగారు చూసింది ముఖ్యమంత్రి కుర్చీని. నిన్ను ఖాళీ చేసిపోయే కుర్చీని చూడమంటున్నాను.

రెండూ ఒక్కడే చేయలేడా అని నువ్వు అడుగుతావు. చేసినవాడున్నాడు. విర్కో త్రయం అని పరీక్షకు బట్టీ పట్టావు కదా, ఆ జర్మనీ డాక్టరు విర్కోనే. 1848లో సైలీషియాలో టైఫస్ వస్తే ప్రష్యా ప్రభుత్వం పరిశీలనకు పంపింది. మందుల జాబితా తెస్తాడనుకుంటే, వాళ్లకు చదువు, రోడ్లు, న్యాయమైన పన్నులు, సొంత పాలన కావాలని రాసిచ్చాడు. తర్వాత బెర్లిన్ నగర సభలో కూర్చొని మురుగు కాలువల కోసం పట్టుబట్టాడు, చట్టసభకూ పోయాడు, ప్రొఫెసరు పనీ వదల్లేదు. అయితే ఆయన పాథాలజిస్టు, అంటే శరీరంలోంచి తీసిన ముక్కలను గాజు పలక మీద పెట్టి పరీక్షించే డాక్టరు. ఆయన బల్ల మీది గాజు పలక మర్నాటిదాకా ఆగుతుంది. నీ తలుపు దగ్గర ఉన్నవాడు ఆగడు.

ఒకవేళ నిలబడితే, ఒక్క పని మాత్రం చేయకు. చీటీ రాసిన చేత్తో ఓటు అడగకు. ‘నీ బిడ్డకు ఆ రోజు ప్రాణం పోశాను’ అన్న మాట నీ నోట గానీ, నీ వెంట తిరిగేవాళ్ల నోట గానీ రానివ్వకు. ఆ తల్లి ఆ రుణం ఎట్లా తీర్చాలా అని ఇప్పటికే నలుగుతూ ఉంటుంది. దాన్ని వసూలు చేస్తే, రేపు ఇంకొక బిడ్డను ఎత్తుకొని నీ మెట్లెక్కడానికి ఆలోచిస్తుంది. దెబ్బలాటల్లో గాయాల సర్టిఫికెట్ కాస్త మార్చి ఇప్పించమని నీ మనుషులే వస్తారు. మొదటిసారి కాదన్నప్పుడే కష్టం, రెండోసారి నుంచి అడగరు.

నీ కుర్చీలో కూర్చునేవాళ్లు దొరికారా? పేరేమిటి, ఏ ఊరు, రాత్రి ఉంటారా? అవి రాసి మళ్లీ ఉత్తరం వెయ్యి. అప్పుడు టికెట్ సంగతి మాట్లాడుకుందాం. ఎన్నికలు ఐదేండ్లకోసారి వస్తూనే ఉంటాయి, తొందరేం లేదు.

ప్రశ్న: ఎన్నికల ముందు మా ఊళ్లో ఒక డాక్టరు గారు ఉచిత వైద్య శిబిరం పెట్టారు. నాకు బీపీ ఉన్నదని పది గోలీలు ఇచ్చారు. అవి అయిపోయినయి. ఆ సారు మళ్లీ రాలేదు. ఇప్పుడు నాకు ఏమీ అనిపిస్తలేదు. గోలీలు వేసుకోవాల్నా, వద్దా? వయసు 58.
– ఒక గృహిణి, హుజూరాబాద్

జవాబు: చెల్లె, నువ్వు రాసింది చదివి బాధ కలిగింది. బీపీ గోలీ పదిరోజుల గోలీ కాదు. రోగం ఉన్నదని చెప్పి, మందు అలవాటు చేసి, తర్వాత ఎవరు చూస్తారో చెప్పకుండా పోవడం వైద్యం కాదు. ఆ శిబిరం పెట్టిన డాక్టరు ఎవరైనా సరే, నా వృత్తివాడు కాబట్టి ఆయన తరఫున నీకు క్షమాపణ చెప్తున్నాను.

ఇంక నీ సంగతి. బీపీ ఎక్కువున్నా చాలామందికి ఏమీ అనిపించదు. తలనొప్పి లేదు, కండ్లు తిరుగుతలేవు కాబట్టి తగ్గిందనుకోవద్దు. చెప్పకుండా ఉండి ఒకరోజు పక్షవాతంగా బయటపడుతుంది. అట్లాగని శిబిరంలో ఎండలో లైన్లో నిలబడి, ఒక్కసారి చూయించుకున్న అంకె మీద జీవితాంతం మందు మింగడమూ సరికాదు. మీ దగ్గరి సర్కారు దవాఖానకు పో. పోయాక ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకొని, కాళ్లు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చున్నాక చూడమను. అదే పూట రెండుసార్లు చూడమను. వారం ఆగి ఇంకొకసారి పో. పోయేముందు చాయ్ తాగకు. బీపీ ఉన్నదని తేలితే గోలీలు అక్కడే నెల నెలా పైసా లేకుండా ఇస్తారు. మీ ఊరి ఆశ కార్యకర్తకు చెప్పి పేరు రాయించుకుంటే, నువ్వు మర్చిపోయినా ఆమె గుర్తు చేస్తుంది.

పై అంకె 180 దాటినా, మాట తడబడినా, మూతి ఒక పక్కకు పోయినా, చెయ్యి బరువెక్కినా వారం ఆగకు. వెంటనే 108కు ఫోన్ చేయించు.

శిబిరంలో ఇచ్చిన గోలీల ఖాళీ పట్టీ పారేయలేదు కదా? దాన్ని కొంగున కట్టుకొని పోయి అక్కడి డాక్టరుకు చూపించు. ఏ మందు ఇచ్చారో దాని మీద రాసి ఉంటుంది.